ఆరు మీటర్ల అభివృద్ధి

మనిషికి నయం కావడం ముఖ్యం కాదండీ. నయమైనట్టు రుజువు కావడం ముఖ్యం!

ఈ మాట నేను గాల్లోంచి అనడం లేదు. అలా రుజువైన మనిషి ఒకాయన మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన మా మామగారు. ఊపిరితిత్తుల జబ్బుకి కొత్తగా వచ్చిన మాత్ర వేసుకుని ఆయన ఆరు మీటర్లు బాగుపడ్డారు. అవును, మీటర్లే. జ్వరం డిగ్రీల్లో తగ్గినట్టు ఆయాసం మీటర్లలో తగ్గుతుంది. రోగిని ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపించి ఎంత దూరం పోయాడో కొలుస్తారు. మాత్రకి ముందొకసారి, మాత్ర తరవాత ఒకసారి. రెండింటికీ తేడా ఆరు మీటర్లు.

"ఓస్, అంతేనా!" అని మీలో కొందరు పెదవి విరుస్తున్నారని నాకు తెలుసు. మీలాంటి వాళ్ళ వల్లే సైన్సు ముందుకి పోవడం లేదు.

ఆరు మీటర్లు చిన్నదే కావచ్చు. కానీ అది స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్ ఆరు మీటర్లు!

ఆ మాటకి అర్థం చెప్తాను, కాస్త చెవి ఇటు పడెయ్యండి. ఈ మాత్ర వట్టి సుద్దముక్క అనుకుందాం. అయినా సరే, కేవలం కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే అవకాశం ఎంత? నూటికి అయిదు కంటే తక్కువని లెక్క తేలితే చాలు, మాత్ర పాసైనట్టే. చేసిన మేలు రోగికి తెలిసిందా లేదా అని ఆ లెక్క అడగదు. మేలు సున్నా కాదనిపిస్తే దానికి సంతోషం. ఇంత పెద్దమనసు మనుషుల్లో ఎక్కడైనా చూశారా?

మరి మేలు మరీ చిన్నదై కంటికి ఆనకపోతే? ఏముంది, మనుషుల్ని పెంచుకుంటూ పోవడమే! పదిమందిలో కనపడని తేడా పదివేలమందిలో కనపడుతుంది. మా మామగారి మాత్రని తొమ్మిది వేలమంది మింగి చూశారట. అంతమంది కలిసి మింగాక ఏ మాత్ర మాత్రం మొహమాటపడకుండా ఉంటుంది?

ఇంత గొప్ప వరాన్ని ఒక్క ఊపిరితిత్తులకే కట్టిపెట్టడం అన్యాయం. నా మటుకు నేను ఈమధ్య ఒక జుట్టు నూనె రాసుకుంటున్నాను. పరీక్షలో ముగ్గురికి కలిపి ఒక వెంట్రుక అదనంగా మొలిచిందని సీసా మీద రాసి ఉంది. నాతో పాటు లెక్కలోకి వచ్చే ఆ మిగతా ఇద్దరూ ఎవరో కనుక్కుని, వెంట్రుక ఎవరి వాటాకొచ్చిందో తేల్చుకోవాలని ఉంది.

సన్నబడే పొడి ఒకటి ఉంది. రెండు నెలలు నీళ్ళలో కలుపుకుని తాగితే చొక్కా గుండీ అంత బరువు తగ్గుతారట. రుచి ఘోరంగా ఉంటుందని విని, నేను గుండీ ఒకటి పీకేసి తూకం చూసుకున్నాను. అదే ఫలితం, అదే పూట!

పక్కింటావిడ వాడే నిద్రమాత్ర రాత్రికి నాలుగు నిమిషాల నిద్ర అదనంగా ఇస్తుంది. ఇంటిపనిలో నేను చెయ్యి వెయ్యడం లేదని మా ఆవిడ ఎప్పుడూ సణుగుతుంటుంది గానీ, కిందటేడాది మీద రోజుకి సగం చెంచా ఎక్కువే కడుగుతున్నాను. ఈ సగం చెంచాని లోకంలో మొగుళ్ళందరి మీదా లెక్కవేసి చూస్తే ఎంత సిగ్నిఫికెంటో తెలుస్తుందని చెప్పాను. "లోకంలో మొగుళ్ళందరినీ ఏం చేసుకోను, ఆ గిన్నెలు కడగండి" అంది. ఆవిడకి లెక్కల మీద గౌరవం లేదు. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇక మామగారి విషయానికి వస్తాను.

ఆయన ముప్పై ఏళ్ళకి పైగా బస్సు కండక్టరు. ఊపిరితిత్తుల్లోకి పొగా దుమ్మూ టికెట్ లేకుండా ఎక్కి కూర్చున్నాయని ఆయనే అంటుంటారు. రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నారు. మా వీధి చివర ఒక సెలూన్ ఉంది, సెలూన్ ముందు ఒక బెంచీ ఉంది, సాయంత్రమయ్యేసరికి ఆ బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఈయన కోసం చూస్తుంటాడు. ఈయన కండక్టరుగా చేసిన బస్సుని నడిపిన డ్రైవరు ఆయన.

చూస్తుంటాడని మాటవరసకి అన్నాను. డ్రైవరుగారికి చూపు బాగా మందగించింది. ఆయన ఇల్లు సెలూన్ పక్కసందులో. గోడ తడుముకుంటూ బెంచీ దాకా రాగలడు గానీ, బళ్ళు తిరిగే మా వీధిలోకి అడుగు పెట్టలేడు. ఈయనకి చూపుంది, ఊపిరి లేదు. ఆయనకి ఊపిరుంది, చూపు లేదు. ఇద్దరూ కలుసుకోగలిగిన చోటు భూమ్మీద ఆ బెంచీ ఒక్కటే.

మా గేటు దాటితే మెడికల్ షాపు. దాని తరవాత టైలర్ షాపు, ఆ షాపు ముందొక స్టూలు. ఆ పైన పిండిమర, సైకిల్ రిపేరు షాపు, చిట్టచివర సెలూన్. మామగారి ఊపిరి సరిగ్గా టైలర్ షాపు దగ్గర అయిపోతుంది. స్టూలు మీద కూర్చుని కాస్త తేరుకుని, ఇంకా ముందుకి పోయే ప్రయత్నం ఒకసారి చేశారు. పోవడమైతే పోయారు గానీ తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీదే కూలబడిపోయారు. నలుగురూ మోసుకొచ్చారు. ఆ రోజు మా ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను. అప్పట్నుంచీ స్టూలు దాటి పోకూడదని ఇంట్లో ఆర్డరు వేసింది.

నిజానికి మాత్ర రాకముందు ఒక పొరపాటు జరిగింది. మామగారు సెలూన్ దాకా నడిచేశారు!

ఎలాగంటారా? మేం వెళ్ళే ఆస్పత్రిలోనే ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వెనక గదిలో క్లాసు పెట్టింది. ఆయాసం ఉన్నవాళ్ళకి ఊపిరి తీసుకోవడం నేర్పుతుందట. ఇన్నేళ్ళుగా తీసుకుంటున్న ఊపిరికి మళ్ళీ ట్యూషనేమిటని నేను నవ్వాను. ఆ అమ్మాయి పెదవులు ముడిచి మెల్లగా గాలి వదలమనేది. అడుగుకీ ఊపిరికీ జత కుదర్చమనేది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమనేది. "ఊపిరి అయిపోయాక ఆగడం కాదు తాతగారూ, అయిపోకముందే ఆగాలి" అని పదేపదే చెప్పేది. ఇందులో ఎక్కడైనా మందు కనపడుతోందా మీకు? పోనీ మిషనైనా?

అయినా మామగారు పట్టువదలకుండా వెళ్ళారు. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి భరోసా మీద మా ఆవిడ ఆర్డరు సడలించింది, ఆయన పిండిమర దాటారు. ఇంకొన్నాళ్ళకి సైకిల్ షాపు దాటారు. ఒక సాయంత్రం సెలూన్ కుర్చీలో మొహమంతా సబ్బు నురగతో కూర్చుని, పక్కన బెంచీ మీదున్న డ్రైవరుగారితో ఏదో పాత గొడవ తేల్చుకుంటూ కనిపించారు. తిరిగి కూడా నడిచే వచ్చారు. అన్నం రెండోసారి అడిగి వడ్డించుకున్నారు.

సైన్సు ఇలాంటి ఆవేశాలకి లొంగదు. ఆస్పత్రి కమిటీవారు క్లాసు ఫలితాలు లెక్కవేశారు. క్లాసుకి వెళ్ళినవాళ్ళు, వెళ్ళనివాళ్ళ కంటే సగటున నలభై మీటర్లు ఎక్కువ నడిచారు. కానీ క్లాసులో ఉన్నది ఎంతమంది? పదకొండు మంది! అంత చిన్న గుంపు కాబట్టి, నూటికి అయిదు లోపల ఆగాల్సిన అంకె ఏడు దగ్గర ఆగింది. ఇంత తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు కనక రుజువు కాలేదన్నారు. క్లాసు మూసేశారు.

మామగారిని చూసే డాక్టరుగారిని నేను అడిగాను. "రుజువు కాలేదంటే పనిచెయ్యలేదనాండీ?"

"కమిటీ అలాగే తీసుకుంది."

"వేరే ఆస్పత్రుల్లో ఇలాంటి క్లాసులు బాగానే నడుస్తున్నాయటగా?"

"అక్కడ రుజువయ్యే ఉంటుంది. మన దగ్గర కాలేదు."

"మరి ఇంకొంతమందిని చేర్చి మళ్ళీ చూడొచ్చుగా?"

"పనిచెయ్యనిదాన్ని ఇంకొంతమందితో ఎందుకు చేయిస్తారండీ?" అన్నారాయన, నా అమాయకత్వానికి జాలిపడి.

ఎంత పకడ్బందీ తర్కం! ఎటువైపు నుంచి తోసినా తలుపు తెరుచుకోదు. నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి మామగారిని కూర్చోబెట్టి విషయం వివరించాను. మీరు సెలూన్ దాకా వెళ్ళినమాట నిజమే గానీ, క్లాసు వల్లే వెళ్ళినట్టు ఆధారం లేదు కనక, సైన్సు దృష్టిలో మీరింకా టైలర్ షాపు స్టూలు మీదే ఉన్నారని చెప్పాను.

ఆయన గడ్డం తడుముకుని, "మరి ఇదెవరు గీశారు అల్లుడుగారూ?" అన్నారు.

క్లాసు ఆగిపోయాక ఆయన కొన్నాళ్ళు ఇంట్లో ఒక్కరే కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. తోడు లేకపోతే ఏ పనైనా ఎన్నాళ్ళు సాగుతుంది? ఈలోగా జలుబు పట్టుకుంది, రొమ్ము పట్టేసింది, మంచం దిగలేదు. దిగేసరికి ఊపిరి మళ్ళీ టైలర్ షాపు దగ్గరికి వచ్చేసింది, దాంతో పాటే మా ఆవిడ ఆర్డరూ వచ్చేసింది. సైన్సు చెప్పినట్టే జరిగిందని సంతోషించాలో ఏమిటో నాకు తెలియలేదు.

అదిగో, అప్పుడు వచ్చింది మాత్ర!

ఆస్పత్రి హాల్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా బ్యానరు కట్టారు. "నడకలో సిగ్నిఫికెంట్ మెరుగుదల" అని పెద్ద అక్షరాలు, పక్కనే కొండ శిఖరం మీద చేతులు చాచి నిలబడ్డ తెల్లజుట్టు పెద్దాయన బొమ్మ. ఆరు మీటర్ల ఎత్తు కొండలు ఎక్కడుంటాయో మరి నాకు తెలియదు. క్లాసు జరిగిన వెనక గదిలో ఇప్పుడు ఈ మాత్రల పెట్టెలు సర్దారు. స్థలం వృథా కాలేదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

మామగారు మాత్ర మొదలుపెట్టారు. తొమ్మిది వేలమందికి వచ్చిన సగటే అచ్చు గుద్దినట్టు ఆయనకీ వచ్చింది. వరండాలో కొలిచి ఆరు మీటర్లన్నారు. నేను స్వీట్లు కొనబోతుంటే ఆయన ఆపారు.

"ఆరు మీటర్లంటే ఎంతో తెలుసా అల్లుడుగారూ? మా బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు. ముప్పై ఏళ్ళు నేను నడిచింది ఆ ఆరు మీటర్లే. ఇంత మందు మింగితే మళ్ళీ అవే ఇచ్చారా?"

అంతటితో ఊరుకోలేదు. "అంత దూరానికి మేం టికెట్ కూడా కొట్టం" అన్నారు.

ఇప్పుడు ఆ ఆరు మీటర్లు మా వీధిలో ఎక్కడ పడతాయో చూడండి. ఇదివరకు టైలర్ షాపు దగ్గర ఊపిరి అయిపోయేది, కూర్చోడానికి స్టూలుండేది. ఇప్పుడు స్టూలు దాటి ఆరు మీటర్లు ఎక్కువ నడవగలరు కనక, మా ఆవిడ ఆర్డరులోనూ ఆరు మీటర్ల సడలింపు అడిగి తెచ్చాను. సరిగ్గా పిండిమర గుమ్మం! అక్కడ స్టూలు లేదు. గాల్లో పిండి తప్ప మరేం లేదు. అభివృద్ధి చెందిన మామగారు తెల్లటి పిండిలో నిలబడి, గోడ పట్టుకుని దగ్గుతుంటే, మరవాళ్ళు మర ఆపి మంచినీళ్ళు ఇచ్చారు. పోనీ స్టూలు దగ్గరే ఆగిపోతానన్నారాయన. నేను ఒప్పుకోలేదు. తొమ్మిది వేలమంది కష్టపడి సంపాదించిన ఆరు మీటర్లని వాడకుండా వదిలేస్తే ఎంత అపచారం!

మాత్రతో పాటు ఇంకో చిన్న సంగతి కూడా వచ్చింది. నాలిక మీద రుచి పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, "ఇది కాఫీయేనా అమ్మా?" అని మా ఆవిడని అడగడం మొదలుపెట్టారు. మొదటిరోజు ఆవిడ మళ్ళీ కలిపి ఇచ్చింది. రెండోరోజు ఇంకాస్త చిక్కగా ఇచ్చింది. మూడోరోజు ఆయన అడగడం మానేసి ఊరికే గ్లాసు ఖాళీ చేసి పెట్టేశారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు పెద్ద చప్పుడుతో కడిగింది.

ఇంట్లో వాతావరణం బాగాలేదని గ్రహించి నేనే రంగంలోకి దిగాను. మాత్ర తప్పేం లేదు, వీధి తప్పు. సెలూన్ని కాస్త ఇటు జరపమని యజమానిని అడిగాను. ఆయన నా జుట్టు కేసి చూసి, నా వల్ల తనకి ఒరిగేదేమీ లేదని గ్రహించి, మాట మార్చాడు.

స్కూటర్ మీద దింపాను. మామగారు రెండు రోజులు వచ్చి మూడోరోజు రానన్నారు. "మీరెప్పుడొచ్చి హారన్ కొడతారోనని రోడ్డు కేసి చూస్తూ కూర్చుంటే కబుర్లేం చెప్పుకుంటాం?" అన్నారు. డ్రైవరుగారినే స్కూటర్ మీద మా ఇంటికి తెచ్చాను. ఇద్దరూ సోఫాలో ఫోటో దిగేవాళ్ళలా బిగుసుకుని కూర్చున్నారు. మా ఆవిడ బిస్కెట్లు పెట్టింది. ఆరోగ్యాలు అడిగి తెలుసుకున్నారు. అరగంటలో డ్రైవరుగారు "ఇంక దింపెయ్యి నాయనా" అన్నారు.

చివరికి బ్రహ్మాస్త్రం తీశాను. సెలూన్ ఆయన్నే వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి గడ్డం గియ్యమని మాట్లాడాను. ఆ మాట మామగారికి గర్వంగా చెప్పాను. 

"నేను అంత దూరం వెళ్ళేది గడ్డం గీయించుకోడానికనుకున్నారా అల్లుడుగారూ?"

అంతే అన్నారు. కాలమ్ రాసేవాణ్ణి, నా దగ్గర దేనికైనా జవాబుంటుంది. ఈసారి మాత్రం వెళ్ళి సెలూన్ ఆయన్ని రావద్దని చెప్పొచ్చాను.

మర్నాడు మా ఆవిడ మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి బయల్దేరింది. లెక్కల మీద గౌరవం లేని మనిషని ముందే చెప్పాను కదా.

"ఆరు మీటర్లు సరేనండీ. మా నాన్న ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారో ఎవరైనా అడిగారా?" అంది.

"అది మా స్టడీలో లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆయన చెడ్డవాడు కాదు, బయట క్యూ పెద్దది. కలం మూసి పక్కన పెట్టి, కాస్త గొంతు తగ్గించారు. "నిజం చెప్పాలంటే, ముప్పై మీటర్లయినా పెరిగితే గానీ నడిచే మనిషికి తేడా తెలియదు."

"ఆ ముక్క బ్యానరు మీద రాయలేదేం?"

"బ్యానరు కంపెనీ వాళ్ళదమ్మా."

"మాత్ర ఆపేస్తే ప్రమాదమేమైనా ఉందా?"

"ప్రమాదమేం లేదు. ఆ ఆరు మీటర్లూ పోతాయి."

అప్పటిదాకా ఊరుకున్న మామగారు కదిలారు. "అవి మీరే ఉంచుకోండి డాక్టరుగారూ. నా కాఫీ నాకిచ్చెయ్యండి."

డాక్టరుగారు నవ్వి చీటీ మీద మాత్ర పేరు కొట్టేశారు. క్లాసు సంగతి మా ఆవిడ మళ్ళీ ఎత్తితే, కమిటీ చేతిలో ఉందన్నారు. మా ఆవిడ కమిటీ కోసం ఆగలేదు. అక్కణ్ణుంచి నేరుగా ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

దాని ఫలితం ఇప్పుడు నేను అనుభవిస్తున్నాను. ఆదివారం, గురువారం పొద్దున్నపూట మా హాలు నాది కాదు. సోఫా గోడకి చేరింది, డైనింగ్ టేబుల్ కుర్చీలన్నీ వరసలో నిలబడ్డాయి. పాత క్లాసులోని పెద్దలందరూ, నేర్పడానికి ఆ అమ్మాయీ మా ఇంటికే వస్తున్నారు. అందరూ కలిసి ఒక్కసారి పెదవులు ముడిచి ఊదితే నా బల్ల మీది కాగితాలు లేచి పోతున్నాయి. కుర్చీల్లోంచి లేస్తూ కూర్చుంటూ ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. ఇదేదీ రుజువు కాలేదని నేను గుమ్మంలో నిలబడి మొదటిరోజే హెచ్చరించాను. "గాలికి అడ్డు జరగండి బాబూ" అన్నారెవరో.

ఇలా కొన్ని వారాలు గడిచాక, మొన్న సాయంత్రం మామగారు చెప్పులేసుకున్నారు. మా ఆవిడ ఆర్డరు ఎత్తేసింది, కానీ నన్ను వెనకాల వెళ్ళమని కళ్ళతోనే చెప్పింది. నిష్పక్షపాత పరిశీలకుడిగా వెళ్ళాను. మెడికల్ షాపు దాటారు. టైలర్ షాపు దగ్గర, ఊపిరి ఇంకా ఉండగానే, స్టూలు మీద కాసేపు కూర్చుని లేచారు. పిండిమర ముందు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. సైకిల్ షాపు దగ్గర ఆగి, పెదవులు ముడిచి, మెల్లగా ఊదారు. వెనకాల నేనూ ఊదాను. ఇదంతా పరిశోధన మీద ఆసక్తి వల్లే, ఇంకేం కాదు.

బెంచీ మీద డ్రైవరుగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. దగ్గరికొచ్చిన అడుగుల చప్పుడు విని తల తిప్పారు గానీ, మనిషిని పోల్చుకోలేకపోయారు.

"ఎవరూ?" అన్నారు.

మామగారు బెంచీ పక్కన ఆగారు. నిలబడి ఊపిరి కూడదీసుకున్నారు. తరవాత, బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి ముప్పై ఏళ్ళు అరిచిన గొంతుతో, "రైట్, రైట్" అన్నారు.

డ్రైవరుగారు మొహం అటు తిప్పేసుకున్నారు. కాసేపటికి జరిగి చోటిచ్చి, "ఎప్పుడూ లేటేరా నీ బండి" అన్నారు. నాకు కంట్లో ఏదో పడింది. పిండిమర దగ్గర పడి ఉంటుంది.

అయ్యా, కమిటీవారూ! మీ కడుపు చల్లగా ఉండాలి, నేను రుజువులకి కట్టుబడిన మనిషిని. మా మామగారు ఆ బెంచీ మీద కూర్చున్నది క్లాసు వల్లేనని నేను బల్లగుద్ది చెప్పడం లేదు. ఒక్క మనిషి వల్ల ఏమీ తేలదు. అది కాకతాళీయమే అయి ఉండొచ్చు.

కానీ ఆయాసపడే పెద్దవాళ్ళు మీ వరండాలో ఇంకా చాలామందే కూర్చుని ఉన్నారు. ఆ వెనక గదిలో పెట్టెలు కాస్త పక్కకి జరిపి, వాళ్ళలో ఇంకో పదిమందికి కూడా అలా కాకతాళీయంగా జరగనివ్వండి.